జన్మరత్నములు - మన ఊరి రాళ్ళు

పదవ తరగతి పరీక్షలు దగ్గరపడినకొలది మన విద్యార్థుల వ్రేళ్ళకు క్రొత్త ఉంగరములు కనబడుచుండును. ఒకరికి కెంపు, ఒకరికి పచ్చ, మఱియొకరికి ఊదారంగు రాయి. తమిళమున 'రాశిక్కల్' అనియు, తెలుగున జన్మరత్నమనియు చెప్పి వీనిని అమ్ముచున్నారు. బిడ్డ చదువు బాగుపడవలెనని తల్లిదండ్రులు అప్పుచేసి కొనుటయు కలదు. ఆ ప్రేమను నేను తప్పుపట్టను. నగగా ధరించుటయందు దోషమేమియు లేదు. మార్కులకొఱకు కొనుట మాత్రము వ్యర్థమని నా అభిప్రాయము.

నెలకొక రాయి అను పట్టిక మన పంచాంగములోనిది కాదు. ఇట్టి ఆచారములు పూర్వము పలుదేశములందుండినను, నేడు దుకాణములలో చూపు పట్టికకు మూలమైనదానిని 1912లో అమెరికా నగల వర్తకుల సంఘమువారు కాన్సాస్ సిటీలో సమావేశమై స్థిరపఱచిరి. పిమ్మట వర్తకులే దానిని మార్చుచు వచ్చిరి. టాంజనైట్ అను నీలిరాయి టాంజానియా దేశమున 1967లో బయల్పడగా, 2002లో దానిని డిసెంబరు నెలకు చేర్చిరి. అంతకుముందు డిసెంబరులో పుట్టినవారి గతి యేమి? మన నవరత్నముల లెక్క వేఱు. అది గ్రహములనుబట్టి యేర్పడినది. జూలైలో పుట్టిన పిల్లవానికి అమెరికా పట్టిక కెంపునిచ్చును. వానిది కర్కాటక రాశియైనచో మన జ్యోతిషము ముత్యమునిచ్చును. అమ్మువాడు ఏది నిలువయున్న దానినే ఇచ్చును.

ఇక రాతి సంగతి. కెంపును నీలమును వేర్వేఱు రత్నములుగ కనబడినను ఖనిజమొక్కటే. దాని పేరు కురువిందము. అల్యూమినియమును ఆమ్లజనియు కూడి యేర్పడినది; మన వంటింటి గిన్నెలోని లోహమే! రవంత క్రోమియము చేరినచో ఎఱ్ఱనై కెంపగును; ఇనుమును టైటానియమును చేరినచో నీలమగును. పూర్వము మనవారు దీని పొడితో సానపట్టెడివారు. ఆంగ్లమున దీనికి 'కొరండమ్' అని పేరు. అది తమిళుల కురుందమ్, తెలుగువారి కురువిందము అను మాటలనుండి వెళ్ళినదే. ఇంట తెలుగు, వీథిలో తమిళము మాట్లాడు మన పిల్లలు లోకమంతటి శాస్త్రగ్రంథములలో తమ రెండు భాషల మాటను చూడవచ్చును. 1902లో వెర్నూయి అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కొలిమిమంటలో కెంపును తయారుచేయు పద్ధతిని ప్రకటించెను. ఆ కెంపునకును గని కెంపునకును పదార్థమున భేదము లేదు. సూర్యగ్రహము ఆ రెంటిలో దేనిని గుర్తించునో వర్తకులే చెప్పవలెను.

మన కృష్ణగిరి జిల్లా గ్రానైటు క్వారీలకు పేరుపొందినది. గ్రానైటులో ముఖ్యముగ నుండునవి పలుగురాయి, ఫెల్డ్‌స్పారు, అభ్రకము. ఫిబ్రవరి రాయి యనబడు అమెథిస్టు ఊదారంగు పలుగురాయియే. లేశమాత్రమైన ఇనుమువలన దానికా రంగు కలిగినది. జూన్ నెలకు చెప్పు చంద్రకాంతము ఫెల్డ్‌స్పారు జాతిది. కనుక క్వారీలో పనిచేయు తండ్రి ఈ రత్నముల జ్ఞాతులనే దినమెల్ల పగులగొట్టుచున్నాడు. ఆ పలుగురాతి ధూళిని ఏండ్లతరబడి పీల్చినవారికి సిలికోసిస్ అను మానని ఊపిరితిత్తుల జబ్బు వచ్చును. రాతిని నీటితో తడిపి కోసినచో ధూళి చాలవఱకు అణగును. ముక్కునకు తగిన ముసుగు ఉన్నచో మఱికొంత మేలు. ఉంగరమునకు పెట్టు సొమ్ముతో ముందు ఆ ముసుగు కొనుడు. పిల్లవానికి తండ్రి ఆరోగ్యమును మించిన రత్నమేది?

విద్యార్థులారా, క్వారీకి పోవలదు. దారిప్రక్కన పడియున్న గ్రానైటు ముక్కనొకదానిని కడిగి ఎండలో త్రిప్పి చూడుడు. బల్లపరుపుగ విఱిగి తళుక్కుమను గులాబి లేక తెల్లని భాగము ఫెల్డ్‌స్పారు. గాజువలె వంకరగ పగిలి, బూడిదరంగున మెఱయునది పలుగురాయి. నల్లగ పొరలుపొరలుగ ఊడివచ్చునది అభ్రకము. మూడింటిని గుర్తించినవారు ఆ ముక్కను తరగతికి తెండు. పేర్లు తెలుగున వ్రాసి బల్లపై నుంచెదము.