మర పట్టినంత మాత్రమున ప్లగ్గు కుదిరినట్లా?

పల్నాటి మిరపతోటలలోను, పత్తిచేలలోను మందు చల్లు కాలము వచ్చినదనిన, వీపున మోసెడి పెట్రోలు స్ప్రేయర్ల మోత ఊరూర వినవచ్చును. ఆ చిన్న ఇంజనుకు బ్యాటరీ లేదు. త్రాడు లాగగానే చక్రమునకు బిగించిన అయస్కాంతము తీగచుట్ట ప్రక్కగా తిరుగును. తీగచుట్టలో విద్యుత్తు పుట్టును. అది ప్లగ్గు మొనల నడుమ నిప్పురవ్వయై పెట్రోలు ఆవిరిని అంటించును. ఈ ఏర్పాటునకే మాగ్నెటో అని పేరు. చిన్న విమానముల పిస్టను ఇంజనులలో అనేకము నేటికిని ఈ సూత్రము మీదనే నడచుచున్నవి. కావున విమానపు ప్లగ్గును గూర్చి పల్నాటి కళాశాల పత్రికలో వ్రాయుట అసందర్భము కాదని మా తలంపు.

తమ విమానమును తామే ఇంటివద్ద నిర్మించుకొనువారు పలు దేశములలో కలరు. అట్టివారి కొరకు అమెరికాలో పాల్ పోబెరెజ్నీ 1953లో ఒక సంఘమునే నెలకొల్పెను. మన దేశములో అమోల్ యాదవ్ అను వైమానికుడు ముంబయిలో తన ఇంటి డాబాపై నిర్మించిన విమానమునకు 2017లో ప్రభుత్వపు రిజిస్ట్రేషను లభించినది. ఇట్టి నిర్మాతలను తరచుగా వేధించు ప్రశ్న యొకటి కలదు. విమానములకై ప్రత్యేకముగా చేసిన ప్లగ్గు వెల కారు ప్లగ్గు వెలకు అనేక రెట్లు. నాలుగు సిలిండర్ల ఇంజనుకు, సిలిండరునకు రెండేసి చొప్పున, అట్టివి ఎనిమిది కావలెను. విమానపు ప్లగ్గు మర 18 మిల్లీమీటర్లు. కారు ప్లగ్గు మర సాధారణముగా 14 మిల్లీమీటర్లు. నడుమ ఒక ఇత్తడి లేక ఉక్కు తొడుగు వేసి కారు ప్లగ్గునే బిగించిన పని గడవదా?

కారు సామాను ఆకాశమునకు తగదనుట చరిత్ర ఎరుగని మాట. 1903 డిసెంబరు 17న ఎగిరిన రైట్ సోదరుల విమానపు ఇంజనును వారి సైకిలు దుకాణములో పనిచేసిన చార్లెస్ టేలర్ నిర్మించెను. అందు ప్లగ్గులే లేవు. సిలిండరు లోపల రెండు లోహపు మొనలు కలిసి విడిపోవునపుడు పుట్టిన రవ్వతోనే అది నడచెను. 1929 నాటికి అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున బెర్నార్డ్ పీటెన్‌పోల్ ఫోర్డు కారు ఇంజనుతో విమానమును ఎగురవేసెను. నేడు ఆస్ట్రియా దేశపు రోటాక్స్ ఇంజనులలోను, ఆస్ట్రేలియా దేశపు జబీరు ఇంజనులలోను కారు తరహా ప్లగ్గులే వాడుచున్నారు. అయితే ఒక భేదమున్నది. అచ్చట ప్లగ్గును, విద్యుత్తు నిచ్చు పరికరమును, సిలిండరు తలను ఒకదానికొకటి సరిపడునట్లు మొదటినుండియు యోచించి నిర్మించిరి. మన నిర్మాత చేయబోవునది ఒకచోట పుట్టిన వస్తువును మరియొకచోట కాపురమునకు పంపుట. అందుకు మూడు లెక్కలు చూడవలెను.

మొదటిది మొనల నడుమ సందు. బ్యాటరీతో నడచు కారు ప్లగ్గునకు సందు సుమారు 0.7 నుండి 1.1 మిల్లీమీటర్ల వరకు ఉండును. విమానపు మాగ్నెటోకు తగిన ప్లగ్గు సందు సుమారు 0.4 నుండి 0.5 వరకే. సందు పెరిగిన కొలది రవ్వ దూకుటకు ఎక్కువ వోల్టేజి కావలెను. మాగ్నెటో శక్తి దాని వేగమును బట్టి యుండును గనుక, ఇంజనును మొదలుపెట్టునపుడు అది సహజముగానే బలహీనము. పైకి పోయిన కొలది గాలి పలుచబడును. అప్పుడు ప్లగ్గు వద్ద దూకవలసిన విద్యుత్తు మాగ్నెటో లోపలనే అడ్డదారి పట్టవచ్చును. పెట్టెలో వచ్చిన ప్లగ్గును వచ్చినట్లే బిగించువాడు ఈ అపాయమును తన చేతులతోనే కొనితెచ్చుకొనును.

రెండవది వేడి. 2700 చుట్లు తిరుగు ఇంజనులో ప్రతి సిలిండరు నిమిషమునకు 1350 మారులు మండును. ప్లగ్గు మొన మసిని కాల్చివేయునంత వేడిగాను, రవ్వ పుట్టకముందే పెట్రోలును అంటించనంత చల్లగాను ఉండవలెను. ప్లగ్గులోని వేడి సిలిండరు తలలోనికి పోవుటకు మరయే దారి. నడుమ తొడుగు వేసినచో ఆ దారిలో మరియొక అతుకు చేరినట్లే. ఇంకొక సంగతి: మన దేశపు రోడ్లపై సీసము కలిపిన పెట్రోలు 2000లో నిలిచిపోయినది. చిన్న విమానములకు వాడు 100 ఎల్.ఎల్. రకములో సీసము నేటికిని కలదు. ఆ సీసపు పొక్కు ప్లగ్గు పింగాణిపై పేరుకొని విద్యుత్తును ప్రక్కదారి పట్టించును.

మూడవది ప్లగ్గు లోపలి అవరోధము, బయటి కవచము. కారు ప్లగ్గులలో కొన్నింట అవరోధకము కలదు, కొన్నింట లేదు. పైకి రెండును ఒక తీరుగనే కనబడును. విమానపు ప్లగ్గునకు పైదాక లోహపు కవచముండును. కారు ప్లగ్గునకు అది లేదు గనుక దాని రవ్వల సవ్వడి రేడియోలో గరగరలాడును. నేలమీది మాట వైమానికునకు వినబడవలసిన క్షణమున అది స్వల్ప విషయము కాదు.

విమానమునకు రెండు మాగ్నెటోలు, సిలిండరునకు రెండు ప్లగ్గులు పెట్టుట ఎందుకు? ఒకటి చెడినను రెండవది నేలకు చేర్చవలెనని. ఎగురుటకు ముందు ఒక్కొక్క మాగ్నెటోను ఆపి, ఇంజను వేగము ఎంత తగ్గునో వైమానికుడు చూచుకొనును. ఎనిమిది ప్లగ్గులను ఒకే దినమున కొత్త రకమునకు మార్చినవాడు ఆ రెండింటికిని ఒకే జబ్బు నంటించినవాడగును. మార్చదలచినచో ఒక మాగ్నెటోకు చెందిన నాలుగింటిని మాత్రమే మార్చి, నేలమీద పలు గంటలు నడిపి, విప్పి చూచి, అటుపిమ్మట రెండవదాని ఊసెత్తవలెను. రోడ్డుమీద ఇంజను ఆగిన వేపచెట్టు నీడన నిలుపవచ్చును. ఆకాశమున వేపచెట్టు లేదు.

మేము చెప్పదలచినది ప్లగ్గుతో ముగియునది కాదు. నరసరావుపేట, మాచర్ల, గురజాల మెకానిక్ షెడ్లలోని ఉస్తాదులు ప్లగ్గును విప్పి రంగు చూచియే ఇంజను ఆరోగ్యమును చెప్పగలరు: గోధుమ వన్నె మేలు, నలుపు పెట్రోలు ఎక్కువైన గుర్తు, తెలుపు వేడి మీరిన గుర్తు. కాని ఆ విద్య వ్రాతలో లేదు, ఉస్తాదుతోనే పోవును. మన విద్యార్థి ఓము నియమమును పరీక్షలో తప్పు లేక వ్రాయును. ఫీలర్ గేజిని చేత పట్టి ఎరుగడు. ఒకరికి చేయి కలదు, లెక్క లేదు. మరియొకరికి లెక్క కలదు, చేయి లేదు. "మర పట్టినది గదా!" అను మాటతో మొదటివాడు తృప్తి పడును. "అది పాఠ్యగ్రంథములో లేదు" అను మాటతో రెండవవాడు తప్పించుకొనును. రెండును ఒకే అలసత్వమునకు రెండు ముఖములు.

కావున మన భౌతికశాస్త్ర ప్రయోగశాలకు ఒక పాత స్కూటరు మాగ్నెటోను తెప్పించవలెనని, ఏడాదికి కొన్ని దినములైనను ఒక ఉస్తాదును గౌరవముతో పిలిచి బల్ల ముందు నిలుపవలెనని మేము కోరుచున్నాము. విద్యార్థి సందును కొలిచి, తేదీ, ప్లగ్గు సంఖ్య, రంగు, నడచిన గంటలు ఒక పుస్తకములో వ్రాయవలెను. తెలుగున వ్రాసినను, ఉర్దూలో వ్రాసినను సమ్మతమే. పానా, ఉస్తాదు అను మాటలు ఇరు భాషలవారికిని సొంతమే గదా! ఖర్చు తగ్గించుకొనుట తప్పు కాదు. పేదవానికి అది విజ్ఞానమునకు తొలి మెట్టు. కాని కొలత లేని పొదుపు పొదుపు కాదు, అది అప్పు. ఆ అప్పును ఆకాశము వాయిదాలలో వసూలు చేయదు.