యాభై రియాళ్లకు రాజీపడి లేచి రావద్దు

ఎండాకాలం పని పొద్దున్నే మొదలవుతుంది. నజ్రాన్‌లో ఇంకా చీకటి ఉండగానే క్యాంపు నుంచి సైటుకి సైకిల్ తొక్కేది మనవాళ్లే. వెనక నుంచి కారొస్తది. హారన్ మీద హారన్, లైట్ల మీద లైట్లు. మనం భయపడి రోడ్డు దిగి మట్టిలోకి పోతాం. వాళ్లతో పోటీ వద్దు, దిగడమే మంచిది. సైకిల్ వెనక ఎర్రలైటు కూడా పెట్టుకోండి. కానీ కారు తగిలాక కూడా తలొంచుకొని పోవడం మాత్రం మంచిది కాదు.

"ఏం కాలేదులే" అని యాభై రియాళ్లు తీసుకొని లేచి వచ్చేవాళ్లను చూశాం. సాయంత్రానికి మోకాలు వాస్తది, మర్నాడు పనికి పోలేరు. అప్పటికి కారు లేదు, నంబరు లేదు, సాక్షి లేడు.

రూము నుంచి పనికి పోయే దారిలో, తిరిగొచ్చే దారిలో జరిగిన ప్రమాదం కూడా సౌదీ సామాజిక బీమా (గోసి) చట్టం ప్రకారం పనిలో తగిలిన దెబ్బే. దానికోసం జీతాన్ని బట్టి 2 శాతం కంపెనీయే కట్టాలి, మన జీతంలో కట్ చేయకూడదు. అందుకే దెబ్బ తగిలితే అంబులెన్సుకు 997, ట్రాఫిక్ పోలీసులకు 993 నొక్కండి. కారు నంబరు ఫోటో తీయండి. రిపోర్టు రాయించండి. అదే రోజు కంపెనీకి మెసేజ్ పెట్టండి. ఇంటి పనివాళ్లకు గోసి లేదు, వాళ్లకు ఆ పోలీసు రిపోర్టే ఆధారం.

కంపెనీలకూ ఒక మాట. బస్సు పెట్టడం దయ కాదు. 2025 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన కార్మిక చట్ట సవరణ ప్రకారం రవాణా అయినా ఇవ్వాలి, దానికి డబ్బులైనా ఇవ్వాలి. మీ కాంట్రాక్టులో ఆ మాట ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. లేకపోతే కాగితం మీద రాసి అడగండి. చీకట్లో సైకిల్ మనం సరదాకి తొక్కడం లేదు.