హైటెన్షన్ తీగల కింద జీవాలు: రోగనిరోధక శక్తిపై తొందరపాటు తీర్పులు

హైటెన్షన్ విద్యుత్ తీగల కింద మేసే జీవాలలో రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుందా అని గొర్రెల పెంపకందారుడు అడిగితే, విస్తరణ శాస్త్రవేత్త నవ్వి ఊరుకోవడం తగదు. అవునని తల ఊపడం అంతకన్నా తగదు.

ఈ ప్రశ్నను నేరుగా గొర్రెలపైనే పరీక్షించిన సందర్భం ఒకటుంది. అమెరికాలోని ఒరెగాన్‌లో 500 కిలోవోల్టుల లైను వద్ద ఆడ గొర్రెపిల్లలను పెంచి, వాటి రక్తకణాలలో ఇంటర్‌ల్యూకిన్-1 క్రియాశీలతను కొలిచారు. సూక్ష్మజీవులు దాడి చేసినపుడు ఇతర రక్షణ కణాలను మేల్కొలిపే సంకేతాలలో ఇదొకటి. 10 నెలల తొలి అధ్యయనంలో అది తగ్గినట్లు తేలింది. తరువాత 27 నెలలపాటు, విద్యుత్ క్షేత్రాన్ని అడ్డగించి అయస్కాంత క్షేత్రానికి మాత్రమే గురిచేసిన గుంపును కూడా చేర్చి పరిశీలించగా, ఆ తగ్గుదల మళ్లీ కనబడలేదు. ఈ ఫలితం 2001లో ప్రచురితమైంది. మొదటి ఫలితాన్ని ఉటంకించి రెండవదాన్ని విస్మరించడం విద్యార్థుల సెమినార్లలో సైతం జరగరాని పొరపాటు.

అల్ప పౌనఃపున్య క్షేత్రాలు రోగనిరోధక వ్యవస్థను ప్రభావితం చేస్తాయనడానికి ఆధారాలు చాలవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో పేర్కొంది. ఆధారాలు చాలవనడం వేరు, హాని లేదని నిరూపించడం వేరు. 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రానికి సాధారణ ప్రజల విషయంలో 2010లో సూచించిన 200 మైక్రోటెస్లాల అంతర్జాతీయ పరిమితిని చూపి రైతు నోరు మూయించడమూ సరికాదు. ఆ పరిమితికి ప్రాతిపదిక నాడీమండలంపై తక్షణ ప్రభావమే గాని రోగనిరోధక శక్తి కాదు. పైగా అది మనుషుల కోసం నిర్ణయించినది.

అసలు ప్రమాదం మరొకచోట ఉంది. తొలకరి పచ్చిక ఆబగా మేసిన గొర్రెలు ఉన్నట్టుండి చనిపోతే ముందుగా అనుమానించవలసినది చిటుకు రోగాన్ని. నింద తీగల మీదికి పోతే శవపరీక్ష జరగదు, మిగిలిన మందకు టీకా పడదు. తీగలు ఆ తరువాత కూడా అక్కడే ఉంటాయి. మంద మాత్రం తరిగిపోతుంది.

కనుక లైను కింద నష్టం జరిగిందని రైతు చెప్పినపుడు టీకాల తేదీలు, నట్టల మందు తాగించిన తేదీలు, మేత మార్పు, చనిపోయిన జీవాల వయస్సు ముందు నమోదు కావాలి. లైనుకు దూరంగా మేసే పొరుగు మంద వివరాలు కూడా తీసుకుంటేనే పోలికకు అర్థముంటుంది. తీగల కింద పొడవుగా సాగిన ఇనుప కంచెలో ప్రేరిత విద్యుత్తు చేరి జీవాలకు, కాపరికి షాక్ తగలవచ్చు. దీనికి అధ్యయనాల కోసం ఎదురుచూడనక్కరలేదు. కంచెకు సరైన ఎర్తింగ్ ఉన్నదో లేదో ఆనాడే చూడవచ్చు.