‘బ్లాక్ పగిలింది’ అన్నారా? ఎక్కడో చూపించమనండి!

షెడ్‌లో వినిపించే మాటల్లో ‘బ్లాక్ పగిలింది’ అన్నంత భయపెట్టేది ఇంకోటి లేదు. సెకండ్‌హ్యాండ్ కారు కొనుక్కుని ఈఎంఐలు కడుతున్నవాళ్లకైతే గుండె జారిపోతుంది. ఎందుకంటే ఆ వెంటనే వచ్చే మాట ‘ఇంజన్ మార్చాల్సిందే’. బాగా పాత బండి అయితే, ఆ ఖర్చు పెట్టుకోవాలా, బండినే వదిలించుకోవాలా అన్నదాకా పోతుంది. అందుకే ఈ వారం నేను చెప్పేది ఒక్కటే. బ్లాక్ పగలడం నిజంగానే జరుగుతుంది. కానీ బయట నుంచి ఓ చూపు చూసి చెప్పేసే జబ్బు కాదది. పరీక్ష చేసి తేల్చాలి.

బ్లాక్ అంటే ఇంజన్‌కి ఒళ్లు లాంటిది. పిస్టన్లు ఆడే సిలిండర్లు అందులోనే ఉంటాయి. వాటి చుట్టూ కూలెంట్ తిరిగే దారులు, పక్కనే ఆయిల్ దారులు. పైన మూతలా హెడ్ కూర్చుంటుంది. రెండింటి మధ్యా పల్చటి గ్యాస్కెట్. చిక్కంతా ఇక్కడే ఉంది. గ్యాస్కెట్ పోయినా, హెడ్ పగిలినా, బ్లాక్ పగిలినా పైకి కనిపించేవి దాదాపు ఒకటే. కింద ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోతుంది. సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగదు. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారుతుంది. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు పోతుంది. ఈ మూడింట్లో తరచుగా పోయేది గ్యాస్కెట్. బ్లాక్‌ని అనుమానించాల్సింది చివర్లో.

అలాగని ప్రతిదానికీ కంగారు వద్దు. చలికాలం పొద్దున్నే కాసేపు వచ్చే తెల్లపొగ వట్టి ఆవిరి. ఇంజన్ వేడెక్కాక ఆగిపోతే ఓకే. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో ఆయిల్ మూత కింద కాస్త మీగడలా కనిపించినా, అది చెమ్మ వల్ల కావచ్చు.

మరి తేల్చేదెలా? చవకైన పరీక్షతో మొదలుపెట్టాలి. మొదటిది ప్రెషర్ టెస్ట్. ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి, అక్కడ చేతిపంపు బిగించి, మూత మీద రాసి ఉన్నంత ప్రెషర్ ఎక్కిస్తారు. వేడి మీద ఆ మూత జోలికి వెళ్లకండి, ఒళ్లు కాలుతుంది. కాసేపటికి ముల్లు పడిపోయి, బయట ఎక్కడా చుక్క కనిపించలేదంటే, కూలెంట్ ఇంజన్ లోపలికే పోతోందని అనుమానించాలి. రెండోది రంగు టెస్ట్. ఇంజన్ నడుస్తుండగా రేడియేటర్ మూతి దగ్గరి గాలిని నీలం మందు గుండా లాగుతారు. పెట్రోల్ బండిలో ఆ మందు పసుపు రంగుకి మారితే, సిలిండర్‌లోని గ్యాస్ కూలెంట్‌లోకి చేరుతున్నట్టే. ఏ సిలిండర్ అన్నది కంప్రెషన్ టెస్ట్‌లో తెలిసే అవకాశం ఉంది.

ఇంతవరకూ తేలింది ‘లోపల లీక్ ఉంది’ అని మాత్రమే. ‘బ్లాకే’ అని ఇంకా తేలలేదు. దానికి హెడ్ విప్పి, గ్యాస్కెట్ చూసి, హెడ్ వంగిందేమో స్కేలు పెట్టి కొలవాలి. అప్పటికీ అనుమానం పోకపోతే బోరింగ్ షాపుకి పంపాలి. అక్కడ రంధ్రాలన్నీ మూసి, లోపలికి గాలి ఎక్కించి, వేడినీళ్ల తొట్టిలో ముంచుతారు. సైకిల్ ట్యూబ్ పంక్చర్ చూసినట్టే. బుడగలు ఎక్కడొస్తే పగులు అక్కడ.

నాకు తెలిసిన ఒక క్యాబ్ అన్నకి ఇలాగే ‘ఇంజన్ మార్చు’ అన్నారు. బండి ఆగితే ఆ రోజు ఇంట్లోకి డబ్బు రాదు. అయినా ఆయన ‘ముందు హెడ్ విప్పి చూపించండి’ అని పట్టుబట్టాడు. చూస్తే గ్యాస్కెట్ కాలిపోయి, హెడ్ కొద్దిగా వంగింది. బ్లాక్ నిక్షేపంగా ఉంది.

సరే, నిజంగానే పగిలితే? పగులు ఎక్కడుందన్నదే ముఖ్యం. పోత ఇనుము బ్లాక్‌లో నీళ్ల దారి బయటి గోడ మీదైతే, వేడి చేయకుండా మరల పిన్నులు వరసగా బిగించి కుట్టేసే పద్ధతి ఉంది. సిలిండర్ గోడలో అయితే కొన్ని ఇంజన్లకి కొత్త స్లీవ్ వేయొచ్చు. క్రాంక్ కూర్చునే చోట పగిలితే మాత్రం బ్లాక్ మార్చుకోవడమే మంచిది. అప్పుడు ఒకటి మర్చిపోవద్దు. ఇంజన్ నంబర్ ఉండేది బ్లాక్ మీదే. అది ఆర్‌సీలోనూ ఉంటుంది కాబట్టి ఆర్టీఏ ఆఫీసులో మార్పించుకోవాలి. పాత ఇంజన్ కొంటే బిల్లు లేకుండా తీసుకోవద్దు. ఇక రేడియేటర్‌లో పోసే లీక్ మందు సీసా ఇల్లు చేరడానికే తప్ప రిపేరుకి బదులు కాదు. సన్నటి దారులు కూడా మూసుకుపోయే ప్రమాదం ఉంది.

అసలు పగిలేదాకా రాకుండా చూసుకోవడం మన చేతుల్లోనే ఉంది. ముల్లు ఎర్రగీత తాకితే ‘ఇంకో కిలోమీటరే కదా’ అనుకోకుండా పక్కకి ఆపండి. మండుతున్న ఇంజన్‌లో చల్లనీళ్లు పోయకండి. అమెరికాలో మంచు పడే ఊళ్లలో చదువుకుంటూ పాత కారు కొన్న మన పిల్లలు యాంటీఫ్రీజ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, ఆ బలానికి ఇనుము కూడా చీలుతుంది. 2024లో విజయవాడలో బుడమేరు ముంచినట్టు బండి నీళ్లలో మునిగితే అస్సలు స్టార్ట్ చేయకండి. సిలిండర్‌లో చేరిన నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అది విరిగితే బ్లాక్‌నే చీల్చుకుని బయటికొస్తుంది.

మెకానిక్‌తో గొడవ పడమని నేను చెప్పట్లేదు. పని తెలిసినవాడు అడిగితే సంతోషంగా చూపిస్తాడు. ‘అన్నా, పగులు ఎక్కడుందో ఒకసారి చూపించు, ఫొటో తీసుకుంటా’ అనండి చాలు. చూపించలేకపోతే ఇంజన్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి.