కూటమి కొలువులో ఎవరికెంత చోటు?

జూన్ 9 ఆదివారం. ఉదయం ఆరాధనలో దేశాన్ని ఏలేవారి కోసం ప్రార్థించి ఇంటికి వచ్చిన మనం, సాయంత్రం టీవీ ముందు కూర్చుని రాష్ట్రపతి భవన్‌లో కొత్త మంత్రివర్గ ప్రమాణ స్వీకారాన్ని చూశాం. ప్రధానితో కలిపి 72 మంది ప్రమాణం చేశారు. మరునాడు శాఖలు ప్రకటించారు. ఆ రెండు రోజులూ మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన ప్రశ్నలు రెండే: మన తెలుగువాళ్లు ఎంతమంది? మన క్రైస్తవులు ఎంతమంది? మొదటిదానికి జవాబు ఐదుగురు. రెండోదానికి ఒక్కరు.

ఇలా లెక్క పెట్టుకోవడంలో తప్పు లేదు. ప్రజాస్వామ్యంలో తల లెక్కకు విలువ ఉంది. అయితే తలలు లెక్కపెట్టి సంతోషించడమో, నిట్టూర్చడమో చేసి ఊరుకుంటే అసలు విషయం మన చేయి దాటిపోతుంది. ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారు, ఏ ఫైలు ఎవరి బల్ల మీదికి వెళుతుంది అన్నది కూడా చూడాలి.

ముందు ఈ మంత్రివర్గం ఎలా కుదిరిందో చూద్దాం. లోక్‌సభలో మెజారిటీకి 272 సీట్లు కావాలి. బీజేపీకి వచ్చినవి 240. కూటమి మొత్తం బలం 293. పదేళ్ల తర్వాత ఏ ఒక్క పార్టీకీ సొంత మెజారిటీ లేని సభ ఇది. 16 మంది ఎంపీలున్న తెలుగుదేశం, 12 మంది ఉన్న జేడీయూ లేకుండా ఈ ప్రభుత్వం నిలవదు. అయినా 72 మందిలో మిత్రపక్షాలకు దక్కినవి 11 స్థానాలే. అందులో కేబినెట్ హోదా ఐదుగురికి. హోం, రక్షణ, ఆర్థిక, విదేశాంగ శాఖలు నాలుగూ పాత మంత్రుల దగ్గరే, అంటే బీజేపీ దగ్గరే ఉన్నాయి.

పంపకం సీట్ల దామాషాలో కూడా జరగలేదు. ఒకే ఒక్క ఎంపీ ఉన్న జితన్‌రామ్ మాంఝీకి కేబినెట్ హోదా వచ్చింది. ఏడుగురు ఎంపీలున్న శివసేనకు స్వతంత్ర హోదా గల సహాయ మంత్రి పదవి ఒక్కటే వచ్చింది. అజిత్ పవార్ పార్టీ అదే హోదా ఇస్తామంటే వద్దంది. ఇద్దరు ఎంపీలున్న జేడీఎస్ నేత కుమారస్వామికి భారీ పరిశ్రమలు, ఉక్కు శాఖలు దక్కాయి. విశాఖ ఉక్కు కార్మికుల కుటుంబాలు మన సంఘాల్లో ఎన్నో ఉన్నాయి. 2021 జనవరిలో ఆ కర్మాగారాన్ని అమ్మాలని కేంద్రం తీసుకున్న నిర్ణయంపై వారి గోడు ఇక కర్ణాటక నేత బల్ల మీదికి వెళ్లాలి. ఆయన కింద సహాయ మంత్రి మన నర్సాపురం ఎంపీ భూపతిరాజు శ్రీనివాసవర్మ.

మిగిలిన నలుగురు తెలుగువారిలో పౌర విమానయానం కేబినెట్ హోదాతో కింజరాపు రామ్మోహన్ నాయుడికి వచ్చింది. 1996లో యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వంలో కేంద్ర మంత్రిగా పనిచేసిన ఎర్రన్నాయుడి కుమారుడాయన. పెమ్మసాని చంద్రశేఖర్ గ్రామీణాభివృద్ధి, కమ్యూనికేషన్ల సహాయ మంత్రి. తెలంగాణ నుంచి కిషన్‌రెడ్డికి బొగ్గు, గనులు దక్కాయి. బండి సంజయ్ హోం శాఖ సహాయ మంత్రి అయ్యారు.

కూటమిలో చిన్న భాగస్వామి బలం పదవుల సంఖ్యలో మాత్రమే ఉండదని మన చరిత్రే చెబుతోంది. వాజ్‌పేయి ప్రభుత్వానికి తెలుగుదేశం ఒక్క మంత్రి పదవి కూడా తీసుకోకుండా బయటి నుంచి మద్దతిచ్చింది. 1998లో లోక్‌సభ స్పీకర్ పదవిలో కోనసీమ దళిత బిడ్డ జి.ఎం.సి. బాలయోగి కూర్చున్నారు. 2014లో అదే పార్టీ మంత్రి పదవులు తీసుకుంది, 2018 మార్చిలో ప్రత్యేక హోదా కోసం వాటిని వదులుకుని బయటికి వచ్చింది. ఏం అడగాలో తెలిసినవారికి రెండు మంత్రి పదవులైనా చాలు. తెలియకపోతే ఇరవై ఉన్నా ప్రయోజనం లేదు.

ఇక రెండో ప్రశ్న. ఆ ఒక్కరు కేరళకు చెందిన జార్జ్ కురియన్. మైనారిటీ వ్యవహారాలతో పాటు మత్స్య, పశుసంవర్ధక, పాడి పరిశ్రమ శాఖల సహాయ మంత్రి. ప్రమాణం చేసేనాటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు. రాజ్యాంగం 75వ అధికరణం ప్రకారం ఆరు నెలల్లో ఎన్నిక కావాలి. పంజాబ్‌కు చెందిన రవ్‌నీత్ సింగ్ బిట్టు లుధియానాలో ఓడిపోయి కూడా మంత్రి అయ్యారు. అంటే, తీసుకోవాలన్న మనసు ఉంటే సభ్యత్వం లేకపోవడం అడ్డు కాలేదు. ఆ మనసు ముస్లింల విషయంలో కనిపించలేదు. 72 మందిలో ఒక్క ముస్లిం కూడా లేరు. "మనకు ఒకరు వచ్చారు కదా" అని తృప్తిపడే ముందు, పక్కింటివారి కుర్చీ ఖాళీగా ఉందన్న సంగతి మనం గమనించాలి. క్రైస్తవులు అధిక సంఖ్యలో ఉన్న నాగాలాండ్, మిజోరం, మేఘాలయ నుంచి కూడా ఎవరూ లేరు. అప్పటికే ఏడాదికి పైగా గాయంతో ఉన్న మణిపూర్ నుంచీ ఎవరూ లేరు. స్త్రీలు ఏడుగురే. చట్టసభల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు ఇస్తామని చట్టం చేసి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

1947 ఆగస్టు 15న కొలువుదీరిన తొలి మంత్రివర్గాన్ని ఒకసారి తలచుకోండి. కాంగ్రెస్‌కు తిరుగులేని బలం ఉన్న రోజులవి. అయినా ప్రధానితో కలిపి 14 మంది ఉన్న ఆ మంత్రివర్గంలో కాంగ్రెస్‌ను తీవ్రంగా విమర్శించిన డాక్టర్ అంబేడ్కర్ ఉన్నారు, హిందూ మహాసభకు చెందిన శ్యామాప్రసాద్ ముఖర్జీ ఉన్నారు. క్రైస్తవులు ఇద్దరు: ఆరోగ్య శాఖకు రాజకుమారి అమృత్ కౌర్, రైల్వేలకు జాన్ మథాయ్. అమృత్ కౌర్‌ను ఈనాడు మనం గుర్తుచేసుకునేది ఆమె క్రైస్తవురాలు అన్నందుకు మాత్రమే కాదు, ఢిల్లీ ఎయిమ్స్ కోసం పాటుపడినందుకు. ఆ ఆసుపత్రిలో పడక కోసం ఎదురుచూసే రోగిని ఎవరూ మతం అడగరు.

ఇక్కడే మన సంఘాలు తరచూ చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. క్రైస్తవ మంత్రి వచ్చారని తెలియగానే శాలువా, పూలగుచ్ఛం, వినతిపత్రం పట్టుకుని ఆయన దగ్గరికే వెళతాం. కానీ మన ముఖ్యమైన సమస్యల్లో చాలా వరకు ఆయన బల్ల మీదికి వచ్చేవి కావు. విదేశీ విరాళాల లైసెన్సులు హోం శాఖవి. మణిపూర్ శాంతిభద్రతల విషయంలో కేంద్రం బాధ్యత కూడా హోం శాఖదే. మైనారిటీ శాఖ చేతిలో ఉన్నవి ముఖ్యంగా విద్యార్థుల ఉపకార వేతనాలు. 2022లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు ఆపేసిన ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ గురించి అక్కడ అడగాలి, గట్టిగా అడగాలి.

దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా సంగతి చూడండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. 1990లో ఉన్నది కూడా సంకీర్ణ ప్రభుత్వమే. కార్మిక, సంక్షేమ శాఖలు చూసింది రాంవిలాస్ పాశ్వాన్. ఇప్పుడు ఆయన కుమారుడు చిరాగ్ కేబినెట్‌లో ఉన్నారు. దళితుడు, బౌద్ధుడు అయిన రాందాస్ అథవాలే సామాజిక న్యాయ శాఖలో సహాయ మంత్రి. ఈ అంశాన్ని పరిశీలించడానికి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది ఆ శాఖే. కమిషన్‌కు మొదట ఇచ్చిన రెండేళ్ల గడువు 2024 అక్టోబర్ వరకు. దళిత క్రైస్తవులను చేర్చాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసి పంపింది. ఆ తీర్మానం ఏమైందని అడగాల్సింది జార్జ్ కురియన్‌ను కాదు. సామాజిక న్యాయ శాఖను అడగాలి, మన ఓట్లతో గెలిచి ఈ ప్రభుత్వాన్ని నిలబెడుతున్న 16 మంది ఎంపీలను అడగాలి.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో తొలి సంఘానికి ఎదురైన చిక్కు మనకు తెలుసు. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగు మొదలైంది. పెద్దలు ఆ సణుగును అణచలేదు. ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. స్తెఫను మొదలు నీకొలాసు వరకు ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసినవారి పక్షం వారికే పంపకం అప్పగించారు. వారు తమవారికే కాక అందరికీ వడ్డించాలి. ప్రాతినిధ్యం అంటే ఇదే. ఏ మంత్రివర్గాన్నైనా ఈ కొలతతో కొలవవచ్చు: పంపకంలో వెనకబడినవారి చేతికి గరిటె ఇచ్చారా, ఆ గరిటె పట్టినవారు అందరికీ వడ్డిస్తున్నారా?

ఇదే కొలత మన ఇంటికీ వర్తిస్తుంది. మన పాస్టరేట్ కమిటీల్లో స్త్రీలు ఎందరు? ఊరి చివరి పేట విశ్వాసులు ఎందరు? కానుకల లెక్క ఎవరి చేతిలో ఉంది? ఢిల్లీని అడిగే ప్రశ్న మన వెస్ట్రీ గదిలో అడగలేకపోతే, మన వినతిపత్రానికి బరువు ఉండదు.

వచ్చే ఆదివారం కూడా అధికారుల కోసం ప్రార్థిస్తాం. ఈసారి ఆ ఐదుగురు తెలుగు మంత్రులను, జార్జ్ కురియన్‌ను, వారితో పాటు హోం, సామాజిక న్యాయ శాఖల మంత్రులను కూడా పేరుపేరునా జ్ఞాపకం చేసుకుందాం. సోమవారం ఉదయం మన నియోజకవర్గ ఎంపీకి ఒక ఉత్తరం రాద్దాం.