కొండ మీద క్యాబిన్... ఫొటోలో కనబడనివి

నవంబర్ వచ్చిందంటే చాలు, రీల్స్‌లో ఒకటే సీన్. త్రికోణం ఆకారంలో చెక్క క్యాబిన్, ముందు గాజు తలుపు, అవతల మేఘాలు, చేతిలో పొగలు కక్కే స్టీల్ మగ్గు. కింద లొకేషన్ లంబసింగి. కాదంటే వంజంగి, అరకు. సేవ్ కొట్టేస్తాం, ఫ్రెండ్స్ గ్రూపులో పడేస్తాం, "ఈ వీకెండ్ ఫిక్స్" అని ఎవడో ఒకడు అనేస్తాడు. రూము బుక్ చేసే పని మాత్రం గ్రూపులో ఒక్కరి నెత్తినే పడుతుంది. ఈ వారం కాలమ్ ఆ ఒక్కరి కోసం.

ముందు ఊరు తేల్చుకోండి. గది సంగతి తర్వాత. చాలామంది ఈ మూడు పేర్లనీ ఒకే ట్రిప్పు కింద లెక్కేస్తారు. మూడూ అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే, నిజమే. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లా అది. కానీ మ్యాప్‌లో వేలెడు దూరం ఉన్న ఊళ్ల మధ్య ఘాట్ రోడ్డు పాములా మెలికలు తిరుగుతుంది. కిలోమీటర్లు చూసి టైమ్ లెక్క వేస్తే తప్పుతుంది.

అరకు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున పరుచుకున్న లోయ. విశాఖ నుంచి దాదాపు 115 కిలోమీటర్లు. సొరంగాల్లోంచి దూసుకెళ్లే కిరండూల్ రైలు ఉంది, టూరిజం వాళ్ల హరిత రిసార్టులు ఉన్నాయి, పద్మాపురం గార్డెన్స్‌లో చెట్ల మీద కట్టిన కాటేజీలున్నాయి. అమ్మానాన్నల్ని, పిల్లల్ని తీసుకెళ్తే ఇదే బెస్ట్. వంజంగి పాడేరు పక్కన ఉంది. అక్కడికి వెళ్లేది సూర్యోదయం కోసం, కొండ మధ్యలో తెల్లటి పాలసముద్రంలా నిలబడే మేఘాల కోసం. లంబసింగి చింతపల్లి మండలంలోది, నర్సీపట్నం వైపు నుంచి ఎక్కితే దగ్గర. అక్కడికి వెళ్లేది చలి కోసం. ఆ ఊరికి స్థానికులు పెట్టుకున్న ఇంకో పేరు కొర్రబయలు. బయట పడుకుంటే కొయ్యలా బిగుసుకుపోతారని దాని భావం. ఇంతకన్నా నిజాయితీగా ఏ వెదర్ యాప్ చెప్తుంది?

అందుకే ఫిల్టర్లు నొక్కే ముందు గ్రూపులో ఒక ప్రశ్న వేయండి: తెల్లవారుజామున 5 గంటలకి మనం ఎక్కడ ఉండాలి?

జవాబు వంజంగి అయితే, అరకులో ఎంత అందమైన క్యాబిన్ దొరికినా మీకు అది పనికిరాదు. రాత్రి పన్నెండు దాకా చలిమంట దగ్గర పాటలు పాడి, రెండు గంటలు కునుకు తీసి, మూడింటికి చీకట్లో, పొగమంచులో, అలవాటు లేని ఘాట్ రోడ్డు మీద మీ ఫ్రెండు డ్రైవ్ చేయాలి. దానికన్నా పాడేరులో మామూలు లాడ్జి నయం. ఇన్‌స్టాలో పెట్టేంత సీన్ ఉండదు, కానీ హాయిగా నిద్రపోయి నాలుగింటికి బయల్దేరొచ్చు. కొండ కింద బండి ఆపాక ఎలాగూ పైకి నడక ఉంటుంది, ఆ ఓపిక కూడా మిగలాలి కదా.

ఒకవేళ జవాబు "నేను పడుకునే ఉంటాను" అయితే, సిగ్గుపడక్కర్లేదు. అనంతగిరి కాఫీ తోటల వైపు చూడండి. ఘాట్ రోడ్డులో సగం దూరంలోనే ఆగిపోవచ్చు, మిరియాల తీగలు అల్లుకున్న చెట్ల నీడలో కాఫీ మొక్కలు, చలి కూడా భరించేంతే. ఇంకా కిందికి టైడా దగ్గర టూరిజం వాళ్ల జంగిల్ బెల్స్ ఉంది. మేఘాల మీద నిలబడే ఫొటోలు రావు గానీ, పొద్దున్నే పిట్టల అరుపులకి నిద్ర లేవొచ్చు.

ఇప్పుడు క్యాబిన్ సంగతి. ఆ త్రికోణం ఇల్లు, అదే ఏ-ఫ్రేమ్, మంచు కురిసే దేశాలకి బాగా నప్పిన డిజైన్. పైకప్పు ఏటవాలుగా ఉంటే మంచు పేరుకోకుండా జారిపోతుంది. మన కొండల మీద కురిసేది వాన. ఏటవాలు వానకీ మంచిదే, కాదనను. తేడా అంతా గోడలో ఉంది. అక్కడి క్యాబిన్లలో రెండు చెక్క పొరల మధ్య చలిని ఆపే దూదిలాంటి పదార్థం దట్టిస్తారు. మన దగ్గర హడావుడిగా లేచిన చాలా వాటిలో ఇనప ఫ్రేమ్, దాని మీద రేకు, లోపల అందానికి ప్లైవుడ్. పగలు ఎండకి కాలుతుంది, రాత్రి చలికి కొరుకుతుంది. వాన పడితే రేకు మీద డప్పు మోతే. ముందున్న పెద్ద గాజు తలుపు రాత్రి లోపలి వేడినంతా బయటికి పంపేస్తుంది, తెల్లారేసరికి లోపలి వైపే నీటి ఆవిరి పట్టి మసకబారుతుంది. వ్యూ కోసం డబ్బు కట్టి, పొద్దున్నే టవల్‌తో అద్దం తుడుచుకోవాలి.

కాబట్టి హోస్ట్‌ని "రూమ్ బాగుంటుందా?" అని అడిగి లాభం లేదు, బాగుంటుందనే అంటాడు. గోడ దేనితో కట్టారు, కిటికీలు తెరుచుకుంటాయా, మనిషికి ఎన్ని రగ్గులు ఇస్తారు, బాత్రూమ్ లోపలా బయటా అని అడగండి. టెంట్ అయితే కింద పరిచేది ఏంటో ముఖ్యం. చలి పైనుంచే వస్తుందనుకుంటాం, పరుపు పల్చగా ఉంటే సగం చలి నేల నుంచే ఎక్కుతుంది.

ఇంకో చిన్న సైన్స్ సంగతి. మబ్బు లేని ప్రశాంతమైన రాత్రుల్లో నేల తొందరగా చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి, వాలు వెంబడి జారి లోయ అడుగున చేరుతుంది. గిన్నెలో నీళ్లు చేరినట్టే. అందుకే ఒక్కోసారి కొండవాలు మీది కాటేజీ కన్నా కింద పొలాల మధ్య ఉన్న టెంటే ఎక్కువ వణికిస్తుంది. లంబసింగిలో ఉష్ణోగ్రత ఒక్క అంకెకి పడిపోయే రాత్రుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. కింద చేరిన ఆ చల్లగాలిలోని తేమే పొగమంచుగా మారుతుంది, పొద్దున్నే పై నుంచి చూస్తే అదే మనకి మేఘాల సముద్రం. అంటే, బంగాళాఖాతంలో అల్పపీడనం ఉండి ఆకాశమంతా మబ్బు పట్టిన వారంలో వెళ్తే ఆ సముద్రం కనపడకపోవచ్చు. "100 శాతం క్లౌడ్ వ్యూ గ్యారంటీ" అని రాసుకున్న చోటు గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇక అసలు భయం దగ్గరికి వద్దాం. చలి ఎక్కువైతే హోస్ట్ దయతలచి నిప్పుల కుంపటి తెచ్చి గదిలో పెడతాడు. లేదా మనమే చలిమంటలో మిగిలిన బొగ్గుల్ని ఓ గమేళాలో వేసుకుని టెంట్‌లోకి తెచ్చుకుంటాం. తలుపు మూసి, రగ్గు కప్పుకుంటాం. ఈ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. ఎర్రగా కనిపించే బొగ్గు నుంచి పొగ రాకపోవచ్చు గానీ కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, వికారం, మత్తు. ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చినవాళ్లు దీన్ని "ప్రయాణం బడలిక" అనుకుని పడుకుంటారు. నిద్రలో ఉన్నవాళ్లకి ఆ సూచనలు కూడా అందవు.

2020 జనవరిలో కేరళ నుంచి నేపాల్ వెళ్లిన పర్యాటకులు దమన్ అనే కొండ ఊళ్లో ఒక రిసార్టులో దిగారు. చలికి గ్యాస్ హీటర్ వేసుకుని, తలుపులు కిటికీలు మూసుకుని ఒకే గదిలో పడుకున్న ఎనిమిది మంది తెల్లారి లేవలేదు. వాళ్లలో నలుగురు పిల్లలు. వాళ్లూ మనలాగే మంచు కొండలు చూడ్డానికి సరదాగా వెళ్లినవాళ్లే.

అందుకే గది ఎంచుకునేటప్పుడు వేడినీళ్లు ఎలా ఇస్తారో కూడా కనుక్కోండి. బయట కట్టెల పొయ్యి మీద కాచి బకెట్‌తో తెచ్చిస్తామంటే నిక్షేపంగా ఒప్పుకోండి. కరెంటు గీజరైతే పర్లేదు, కాకపోతే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. గ్యాస్ గీజరైతే అది బాత్రూమ్ బయట బిగించి ఉండాలి. గాలి ఆడని బాత్రూమ్ లోపలే ఉంటే ఆ గది వద్దు. గదిలో ఎవరికైనా ఉన్నట్టుండి తల తిరిగితే, "కాసేపు పడుకో" అనకండి. తలుపులు తెరిచి అందర్నీ బయటి గాలిలోకి లాగండి, 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ ఉంటే.

ఆ "ఉంటే" కూడా తేల్చుకోవాల్సిందే. కొన్ని చోట్ల ఒక్క నెట్‌వర్కే పని చేస్తుంది, కొన్ని చోట్ల ఏదీ చేయదు. మీ ఊళ్లో ఫుల్ సిగ్నల్ ఉన్న సిమ్ అక్కడ బొమ్మలా ఉండిపోవచ్చు. అక్కడ ఏ సిమ్ పని చేస్తుందో హోస్ట్‌నే అడగండి, గ్రూపులో ఒక్కరి దగ్గరైనా అది ఉండేలా చూడండి. స్కాన్ చేస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి నోట్లు పెట్టుకోండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. చివరి రెండు మూడు కిలోమీటర్ల రోడ్డు ఎలా ఉందో ప్రత్యేకంగా అడగండి, "బండి వస్తుందండీ" అన్నది జీపు నడిపేవాడి మాట కావొచ్చు.

డబ్బు విషయం త్వరగా తేల్చేస్తా. సీజన్లో ఫేక్ పేజీలు పుట్టగొడుగుల్లా లేస్తాయి. వేరే ఎవరిదో క్యాబిన్ ఫొటోలు, సగం ధర, "ఇంకో గంటలో రేటు పెరుగుతుంది" అనే తొందర. వీడియో కాల్ చేసి గది చూపించమనండి, నెట్ లేదంటే ఈ రోజు తీసిన వీడియో పంపమనండి. అడ్వాన్స్ ఎంత తక్కువైతే అంత మంచిది. డబ్బు పంపేటప్పుడు తెర మీద వచ్చే పేరు, మాట్లాడిన మనిషి పేరు ఒకటేనా చూసుకోండి. "రీఫండ్ కోసం స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నారంటే అక్కడే కట్ చేయండి, పిన్ కొడితే డబ్బు మన దగ్గర్నుంచి పోతుందే తప్ప రాదు. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. రివ్యూల విషయానికొస్తే, అయిదు చుక్కలవీ ఒక్క చుక్కవీ వదిలేసి మూడు చుక్కలవి చదవండి. అమ్మాయిల గ్రూపైతే అమ్మాయిలు రాసినవి వెతకండి, గొళ్లెం సంగతి, బాత్రూమ్ దాకా లైటు సంగతి వాళ్లే రాస్తారు.

ఇక ఎవరూ అడగని ఒక ప్రశ్న. ఆ క్యాబిన్ ఎవరి నేల మీద ఉంది?

ఇదంతా ఏజెన్సీ ప్రాంతం. ఇక్కడ 1/70 అని అందరూ పిలిచే చట్టం ఉంది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలకి 1970లో వచ్చిన సవరణ అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకూడదు. అమ్మకమే కాదు, లీజు కూడా బదలాయింపు కిందే లెక్క. మీరు టికెట్ కొని చూసే బొర్రా గుహల చుట్టుపక్కల గనుల లీజుల మీద మొదలైన పోరాటమే సమతా కేసు. 1997లో సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గిరిజనేతరులకి లీజుకివ్వడానికి వీల్లేదని తీర్పు చెప్పింది.

అలాంటి చోట లోయ అంచున పది క్యాబిన్లు, ఒక స్విమ్మింగ్ పూల్ ఎలా లేచాయి? కొన్ని పద్ధతిగానే ఉంటాయి, స్థానిక గిరిజన కుటుంబాలే నడుపుకుంటాయి. కొన్ని చోట్ల కాగితం మీద ఒక గిరిజనుడి పేరు, గల్లా పెట్టె దగ్గర మైదానం నుంచి వచ్చిన సారు. ఆ పేరున్న మనిషి అక్కడే టీలు అందిస్తూ కనిపించినా ఆశ్చర్యపోకండి. మనం పోలీసులం కాదు, పట్టా చూపించమని అడగలేం. కానీ "ఇది ఎవరిదండీ, మీదేనా?" అని మాట కలపొచ్చు. వాళ్ల ఇంటి పక్కనే రెండు గదులేసుకుని అద్దెకిచ్చే కుటుంబం దొరికితే, పూల్ లేకపోయినా నా ఓటు అక్కడికే. చలికి ఏ వైపు తలపెట్టి పడుకోవాలో, వంజంగి మీద ఆ రోజు మంచు నిలుస్తుందో లేదో కూడా వాళ్లకే తెలుస్తుంది. బొంగు చికెన్ కూడా రోడ్డు పక్క వరుస బడ్లలో కన్నా వాళ్ల పెరట్లోనే బాగుంటుంది, ఇది మాత్రం పూర్తిగా నా నాలుక అభిప్రాయం.

కుదిరితే శని, ఆదివారాలు కాకుండా మంగళ, బుధవారాలు చూడండి. అదే గది, రేటు దిగుతుంది, వంజంగి మెట్ట మీద సెల్ఫీ కర్రలు తగ్గుతాయి. నవంబర్, డిసెంబర్‌లో అయితే అరకు దారిలో వలిసె పూలు పసుపు ఆరేసినట్టు ఉంటాయి. అవి ఎవరో వేసుకున్న నూనెగింజల పంట. గట్టు మీద నిలబడి ఫొటో తీసుకోండి, లోపలికి దిగాలనుకుంటే రైతుని అడగండి, పదో ఇరవయ్యో అడిగితే బేరం ఆడకుండా ఇచ్చేయండి.

ఈలోగా ఈ మెసేజ్ కాపీ చేసుకుని హోస్ట్‌కి పంపండి: "అన్నా నమస్తే, మేం ఆరుగురం. గోడలు చెక్కవా, రేకువా? కిటికీ తెరుచుకుంటుందా? వేడినీళ్లు ఎలా ఇస్తారు? గదిలో కుంపటి పెట్టం కదా? ఏ సిమ్ పని చేస్తుంది? చివరి రోడ్డుకి మామూలు కారు వస్తుందా? ఈ రోజు తీసిన వీడియో ఒకటి పంపగలరా?" ఓపిగ్గా ఒక్కోదానికీ జవాబు చెప్పినవాడి గది కాస్త పాతగా ఉన్నా పర్లేదు. "బుక్ చేసుకోండి, అన్నీ ఉంటాయి" అని ఒక్క లైన్, పక్కనే క్యూఆర్ కోడ్ వస్తే, ఇంకో నంబర్ వెతకండి.