ఈత మానేసిన మన పిల్లల్ని మళ్లీ కొలను గట్టుకు పిలుద్దాం

ఈతకొలను ఉన్న ఊళ్లోని ప్రతి తల్లికీ తండ్రికీ, మునిసిపల్ కౌన్సిలర్లకూ అధికారులకూ, ఒకప్పుడు జిల్లా తరఫునో రాష్ట్రం తరఫునో ఈది ఇప్పుడు ఆ ఊసే ఎత్తని అన్నలకూ అక్కలకూ ఈ నాలుగు మాటలు.

ఏప్రిల్ నెలాఖరుకు మన కొలనుల దగ్గర కాలు పెట్టే చోటుండదు. సమ్మర్ క్యాంప్ అని గేటుకు బ్యానర్ కడతారు. పొద్దున మూడు బ్యాచ్‌లు, సాయంత్రం మూడు బ్యాచ్‌లు. జూన్‌లో బడులు తెరిచిన వారానికల్లా అంతా ఖాళీ. మళ్లీ మే నెల వచ్చేసరికి నిరుడు నేర్చుకున్నది సగం మరిచిపోయి, పిల్లలు మళ్లీ కడ్డీ పట్టుకుని కాళ్లాడించడం దగ్గరే మొదలుపెడతారు. మా అమ్మాయి అలా మూడు ఎండాకాలాలు వెళ్లింది. మూడో ఏడాది చివర కూడా తల పైకెత్తుకుని పది మీటర్లు కొట్టుకుంటూ పోయి, ఆయాసంతో గోడ పట్టుకునేది. తప్పు ఆ కోచ్‌దని అనను. నలభై మంది పిల్లలకు ఆయన ఒక్కడే. గట్టు మీద వెదురు కర్ర పట్టుకుని, ఎవరూ మునగకుండా చూసుకోవడంతోనే ఆయన గంట గడిచిపోయేది.

నాలుగో ఎండాకాలం ఒకమ్మాయి రావడం మొదలుపెట్టింది. బ్యాంకులో ఉద్యోగం. పదో తరగతి దాకా రాష్ట్రస్థాయి పోటీల్లో ఈదిందట, ఇంటర్‌లో చేరగానే మానేసింది. ఆరోగ్యం కోసం పొద్దున్నే వచ్చి తన మానాన తను ఈదుకుని పోయేది. ఒకరోజు మా పిల్ల గోడ పట్టుకుని ఏడుపు మొహంతో ఉండటం చూసి, తన ఈత ఆపుకుని దగ్గరికొచ్చింది.

"మొహం నీళ్లలో పెట్టి 'ఊఁ' అను. నాకు వినపడాలి" అంది. పిల్ల మొహం ముంచి ఊఁ అంది. బుడగలు లేచాయి. "చూశావా? ఊపిరి వదులుతున్నంతసేపూ ముక్కులోకి నీళ్లు రావు." మొదటి మూడు రోజులూ అదే పాఠం. ఆ తర్వాతే చేతులు కదిలించనిచ్చింది. "తల ఎత్తకు బంగారం, పక్కకు తిప్పు. ఒక కన్ను నీళ్లలో, ఒక కన్ను బయట." తల లేస్తే నడుము దిగిపోతుందనీ, నడుము దిగితే ఎంత కాళ్లాడించినా బండరాయి కట్టుకుని లాగుతున్నట్టే ఉంటుందనీ, నన్ను అడిగి, పిల్ల పొట్ట కింద చెయ్యి ఆనించి చూపించింది. నెల తిరక్కుండానే మా అమ్మాయి 25 మీటర్ల కొలను ఆ గోడ నుంచి ఈ గోడకు ఆగకుండా వచ్చింది.

"ఇదంతా ఎవరు నేర్పారమ్మా?" అని అడిగాను. "నాకూ చిన్నప్పుడు నడుము ఇలాగే దిగిపోయేదండీ. సరిచేసుకోవడానికి రెండేళ్లు పట్టింది" అంది.

ఆ రెండేళ్ల కష్టం ఆ అమ్మాయి ఒంట్లోనే ఉండిపోయింది. ఎవరూ అడగలేదు కాబట్టి అది అన్నాళ్లూ ఎవరికీ అందలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కొలను ఉన్న ప్రతి ఊళ్లోనూ ఇలాంటి వాళ్లు ఉన్నారు. ఏడేళ్లకు నీళ్లలో దిగి, తెల్లవారకముందే లేచి, క్లోరిన్‌కు జుట్టు ఎర్రబడేలా ఈది, సబ్ జూనియర్ మీట్లకు రైళ్లలో తిరిగి, పదిహేనో ఏటో పదహారో ఏటో టక్కున ఆపేసిన వాళ్లు. ఎందుకు ఆపేశారో మనందరికీ తెలుసు. పదో తరగతి అయిందంటే మన ఇళ్లలో ఆట ఆగిపోతుంది. ఇంటర్, హాస్టల్, ఈఏపీసెట్, నీట్, జేఈఈ. మీట్లలో గెలిచిన మెడల్స్ షోకేస్‌లోకి, గాగుల్స్ అటక మీదికి పోతాయి. ఈతగాళ్లను తయారు చేయడానికి ఇంటి వాళ్లూ, కోచ్‌లూ, ప్రభుత్వమూ ఎనిమిదేళ్లు ఖర్చుపెట్టి, ఆ విద్య పక్కవాడికి చేరకుండానే వదిలేస్తున్నాం.

కొలనులు మనకు లేవా అంటే ఉన్నాయి. విజయవాడ గాంధీనగర్‌లో సర్ విజ్జీ ఈతకొలను ఉంది. విశాఖ బీచ్ రోడ్డులో ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది. 2002 జాతీయ క్రీడలను పురస్కరించుకుని హైదరాబాద్ గచ్చిబౌలిలో 50 మీటర్ల కొలను వెలిసింది, మరుసటి ఏడాది ఆఫ్రో ఏషియన్ క్రీడలూ ఆ నగరంలోనే జరిగాయి. ఆ సందడి చూసి నీళ్లలో దిగిన పన్నెండేళ్ల పిల్లలకు ఇప్పుడు ముప్పై అయిదు దాటాయి. వాళ్లకే పిల్లలు పుట్టి బడికి పోతున్నారు. ఆ పాత ఈతగాళ్లను వారానికి మూడు పూటలు కొలను దగ్గరికి రప్పించే ఏర్పాటు ఉంటే చాలు.

మనం అడుగుతున్నది ఇదీ. ప్రతి మునిసిపల్ కొలనులో ఏడాది పొడవునా నడిచే పిల్లల ఈత క్లబ్ పెట్టాలి. అందులో నేర్పే పని, ఒకప్పుడు పోటీల్లో ఈదిన మన ఊరి వాళ్లకు, పూటకు ఇంతని గౌరవ వేతనం ఇచ్చి అప్పగించాలి. ఉన్న కోచ్‌ను తీసేయమని కాదు. ఆయనను పెద్ద కోచ్‌గా ఉంచి, ఆయన కింద నలుగురైదుగురు ఉండాలి. అప్పుడు ఒక బ్యాచ్‌లో ఒక్కొక్కరికి పదిమంది పిల్లలు వస్తారు. పదిమందిలో ఎవరి నడుము దిగుతోందో కనబడుతుంది, నలభై మందిలో కనబడదు.

చలికాలం ఎలా అంటారా? బెంగళూరులో డిసెంబరు తెల్లవారుజాము మన కోస్తా ఊళ్లకంటే చల్లగానే ఉంటుంది. అక్కడి క్లబ్ పిల్లలు ఏడాదంతా ఈదుతున్నారు. అన్నట్టు, మన దేశపు ఈతకు బెంగళూరు పట్టుగొమ్మ ఎలా అయిందో చూడండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల ఫ్రీస్టయిల్ ఈదిన నిషా మిల్లెట్ పోటీలు మానేశాక ఇంట్లో కూర్చోలేదు, అక్కడే అకాడమీ పెట్టి వేల మందికి ఈత నేర్పుతోంది. అయిదేళ్లప్పుడు ఆమె నీళ్లలో మునిగి చావు తప్పించుకున్న పిల్ల. నీళ్లంటే భయపడే పిల్లను ఎలా దగ్గరికి తీసుకోవాలో అలాంటి వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఈతగాడిగా మొదలై కోచ్ అయిన నిహార్ అమీన్‌కు 2015లో ద్రోణాచార్య అవార్డు వచ్చింది. ఆయన దగ్గర సాధన చేసిన శ్రీహరి నటరాజ్ టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ ఈదాడు. నిన్నటి ఈతగాళ్లు గట్టు మీద నిలబడితేనే అక్కడ రేపటి ఈతగాళ్లు తయారయ్యారు.

అయితే ఈ క్లబ్‌ను ఒలింపిక్స్ కోసమే అడగడం లేదు. మన దేశంలో ఏటా 30 వేల మందికి పైగా నీట మునిగి చనిపోతున్నారు. కాలువల పక్కన, చెరువుల పక్కన, నదుల పక్కన బతికే జనం మనం. వెనకటికి పల్లెల్లో నడుముకు బెండ్లో, ఎండు సొరకాయలో కట్టి, మేనమామో పెద్దన్నో దిగుడుబావిలో దగ్గరుండి ఈత నేర్పేవాళ్లు. ఆ బావులు పూడిపోయాయి, నేర్పే మేనమామలు పట్నం పోయారు. కాలువలు మాత్రం అలాగే పారుతున్నాయి. సెలవు రోజున స్నేహితులతో కాలువకు వెళ్లిన పిల్లల వార్త పేపర్లో చదివినప్పుడల్లా ఒక వాక్యం గుండెలో గుచ్చుకుంటుంది, ఒకడు జారితే కాపాడబోయి మరో ఇద్దరు పోయారని. ఈత వచ్చిన వాళ్లు కూడా మునిగే వాడి పట్టుకు చిక్కితే బయటికి రాలేరు. దూకకూడదు. ఒడ్డున పడుకుని కర్ర అందించాలి, చున్నీ విసరాలి, మూత పెట్టిన ఖాళీ నీళ్ల డబ్బా విసరాలి, అరిచి పెద్దవాళ్లను పిలవాలి. బడి పిల్లలకు ఈత, నీటి భద్రత, ఎదుటివారిని క్షేమంగా కాపాడే పద్ధతి నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. ఐక్యరాజ్యసమితి 2021లో జూలై 25ను నీట మునక నివారణ దినంగా ప్రకటించింది. ఆ ఒక్క రోజు ర్యాలీ తీస్తే ఈ చదువు రాదు. క్లబ్‌లో నెలకో పూట దీనికే కేటాయించి, కాలువ గట్టు బస్తీల పిల్లలను పిలిచి, చేతికి తాడిచ్చి విసిరించి నేర్పాలి.

బాగా ఈదిన వాళ్లంతా బాగా నేర్పుతారని అనుకోవడం పొరపాటు. నీళ్లలో చిన్నప్పుడే కలిసిపోయిన వాళ్లకు, నీళ్లు చూస్తే బిగుసుకుపోయే పిల్ల బాధ ఒక్కోసారి అర్థం కాదు. తమను కేకలేసి, కొట్టి నేర్పారు కాబట్టి తామూ అలాగే నేర్పాలనుకునే వాళ్లూ ఉంటారు. ఇంకా ఎదిగే వయసు పిల్లల చేత పెద్దల మాదిరి ల్యాప్‌లు కొట్టిస్తే భుజాలు పోతాయి. అందుకే శిక్షణ లేకుండా ఎవరినీ పిల్లల మీదికి వదలకూడదు. పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు నడుపుతుంది. క్లబ్ తరఫున ఏడాదికి ఒకరిద్దరినైనా ఖర్చు భరించి ఇలాంటి కోర్సుకు పంపాలి. ప్రాణరక్షణ, ఛాతీ నొక్కి నోటితో ఊపిరి పోయడం అందరికీ తప్పనిసరి చేయాలి. పోలీస్ వెరిఫికేషన్ కాకుండా ఎవరినీ చేర్చుకోకూడదు. ఏ పెద్దా ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదు, గ్యాలరీలోకి తల్లిదండ్రులను ఎప్పుడు వచ్చినా రానివ్వాలి, 2012 పోక్సో చట్టం ఏం చెబుతోందో కోచ్‌లకు మొదటి రోజే చెప్పాలి. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా మా పిల్లలను పంపం.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. పదకొండు, పన్నెండేళ్లు వచ్చేసరికి వాళ్లు కొలనుకు రావడం మానేస్తారు. స్విమ్ సూట్ వేసుకోవడానికి సిగ్గు, నెలసరి రోజుల బెంగ, గట్టు మీద అందరూ మగవాళ్లు. ఇంట్లో అమ్మమ్మ ఇక చాలంటుంది. మా అమ్మాయి మానలేదు. కారణం ఆ బ్యాంకు అక్క. నెలసరి అప్పుడు ఏం చేయాలో తనకు తెలుసు, అడగడానికి పిల్లకు నోరొచ్చింది. మోకాళ్ల దాకా వచ్చే సూట్ ఎక్కడ దొరుకుతుందో కూడా ఆమే చెప్పింది. ఆ తర్వాత మా వీధి నుంచి మరో ముగ్గురు ఆడపిల్లలు వచ్చారు. కోచ్‌లలో సగం మంది ఆడవాళ్లు ఉండాలని అడుగుతున్నది అందుకే. బట్టలు మార్చుకునే గది దగ్గర ఒక ఆయమ్మ ఉండాలని అడుగుతున్నదీ అందుకే.

డబ్బు ఎక్కడిది అనే ప్రశ్న వస్తుంది. ఒక లెక్క చూద్దాం. క్లబ్‌లో 60 మంది పిల్లలు ఉన్నారనుకోండి. అందులో 15 మంది కాలువ గట్టు బస్తీల నుంచి, ప్రభుత్వ బడుల నుంచి వచ్చిన వాళ్లు, వాళ్లకు ఫీజు లేదు. మిగతా 45 మంది నెలకు 800 రూపాయల చొప్పున కడితే 36 వేలు. నలుగురు కోచ్‌లకు తలా 8 వేలు ఇస్తే 32 వేలు. మిగిలిన 4 వేలు కిక్ బోర్డులకూ, తాళ్లకూ, కోర్సు ఖర్చుకూ. మోటార్లు, ఫిల్టర్లు, నీళ్ల ఖర్చు మునిసిపాలిటీ ఎలాగూ భరిస్తోంది. సమ్మర్ క్యాంప్ లేని తొమ్మిది పది నెలలు ఎవరూ దిగని ఆ నీళ్లను శుభ్రం చేస్తూ ఉండటం కంటే ఇది మెరుగైన ఖర్చు కాదా? క్రీడా కోటాలో రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం వచ్చిన ఈతగాళ్లు మన ఊళ్లలోనే పనిచేస్తున్నారు. వారానికి రెండు సాయంత్రాలు క్లబ్‌కు వెళ్లడానికి వాళ్ల పై అధికారులు అనుమతి ఇస్తే, గౌరవ వేతనం అక్కర్లేదనే వాళ్లు కూడా కొందరు దొరుకుతారు.

ఇక ఒకప్పుడు ఈదిన మీకు. మానేసి పదేళ్లయింది, ఒళ్లొచ్చింది, ఇప్పుడు నేనేం నేర్పుతానని అనుకోకండి. మీ టైమింగ్ ఎవరికీ అక్కర్లేదు. టర్న్ కొట్టేటప్పుడు గోడ ఎంత దూరంలో ఉందో నీళ్ల అడుగు గీత చూసి ఎలా పోల్చుకుంటారో, హీట్స్‌కు ముందు కాళ్లు వణుకుతుంటే ఏం చేసేవారో, ఓడిన రోజు రైల్లో ఎలా ఇంటికొచ్చారో, అవి కావాలి. మీ అమ్మానాన్నలు బండి మీద చీకట్లో మిమ్మల్ని కొలనుకు తెచ్చిన రోజులు గుర్తు తెచ్చుకోండి. ఆ బండ్ల మీద ఇప్పుడు మేమున్నాం.

ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకుంటారు. రాబోయే సోమవారాల్లో ఒకరోజు చూసుకుని, ఒక్కొక్కరు కాకుండా పదిమంది తల్లిదండ్రులు కలిసి వెళ్దాం. అర్జీలో మూడు మాటలే రాద్దాం: ఏడాది పొడవునా క్లబ్, శిక్షణ పొందిన మాజీ ఈతగాళ్లకు వేతనంతో పని, నాలుగో వంతు పిల్లలకు ఉచితం. కాపీ మునిసిపల్ కమిషనర్‌కూ, జిల్లా క్రీడాభివృద్ధి అధికారికీ ఇద్దాం, రసీదు తీసుకుందాం. అంతకుముందు ఆదివారం పొద్దున ఆరున్నరకు కొలను గేటు దగ్గర ఒక నోట్‌బుక్ పెడతాం. ఈదిన వాళ్లు పేరు, ఏ స్ట్రోక్ ఈదేవారో, వారంలో ఏ పూటలు వీలవుతాయో రాయండి. ఆ జాబితా అర్జీకి జతచేస్తాం, మనుషులు లేరన్న జవాబు రాకుండా.